రోజు విడిచి రోజు వచ్చే నెట్టు

జనగామ బస్టాండుకు ఎదురుగా టైర్ల దుకాణం ఉంది. దాని పక్కనున్న ఇరుకు మెట్లు ఎక్కితే పైన ఒక గది, తలుపుకు ఒక బోర్డు: "సౌందర్య, ప్రైవేటు విచారణలు". మంగళవారం పొద్దున సక్రి ఆ మెట్లు సగం దాకా ఎక్కి మూడుసార్లు దిగింది. నాలుగోసారి ఎక్కుతుంటే పైనుంచి మాట వినిపించింది.

"ఎక్కుతవా దిగుతవా, ఏదో ఒకటి చెయ్యి తల్లీ. ఫుట్‌బోర్డు మీద నిలబడితే ప్రమాదం."

ఆ మాటన్నది వెంకట్రాం. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి, ఇప్పుడు సౌందర్య దగ్గర సహాయకుడిగా ఉంటున్నాడు. సౌందర్య అదే బస్టాండులో ఇరవై రెండేళ్లు విచారణ కౌంటరులో కూర్చున్న మనిషి. ఎదుటివాడు నోరు తెరవకముందే ఏ ఊరికి పోవాలో, ఎందుకు పోతున్నాడో చెప్పేసేదని వెంకట్రాం కనపడ్డవాళ్లందరికీ చెబుతాడు. ఉద్యోగం వదిలాక ఆ చూపుతోనే ఊళ్లోవాళ్ల చిక్కులు విప్పుతోంది.

సక్రి లోపలికి వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుంది. అవసరమైతే లేచి పారిపోవడానికి వీలుగా ఉండే కూర్చోవడం అది.

"బిడ్డ సంగతా చెల్లె?" అంది సౌందర్య.

"మీకెట్ల తెలిసిందమ్మా?"

"మొగని సంగతైతే ఆడోల్లు మెట్లు ఒక్కసారే ఎక్కుతరు."

వెంకట్రాం ఆ మాటను నోటుబుక్కులో రాసుకున్నాడు.

సక్రి సంచిలోంచి చుట్టచుట్టిన గోడ క్యాలెండర్ తీసి బల్ల మీద పరిచింది. తేదీల మీద ఎర్ర పెన్సిలుతో కొన్ని టిక్కులు, కొన్ని సున్నాలు ఉన్నాయి. ఆమె చదివింది ఏడో తరగతి. కానీ భయం పట్టుకుంటే దేన్నైనా ఇలా గీతలు గీసి లెక్క పెట్టుకోకుండా ఉండలేదు.

"మా ఉమ డిగ్రీ అయిపోయింది. రేపు పదకొండో తారీఖు, పొద్దున పదింటికి దాని ఉద్యోగం పరీక్ష. ఇంట్ల ల్యాప్‌టాప్ కెమెరా ముంగట కూసొనే రాయాలె. ఫోన్ల రాయనియ్యరు. ఈ ల్యాప్‌టాప్ నంబరే ముందుగాల ఇచ్చినం, ఇంకోదాంట్ల కూడా రాయనియ్యరు. నడుమ నెట్టు పోతే ఇగ మల్లా పెట్టరు. నా బిడ్డ రెండేండ్ల నుంచి దీనికోసమే సదువుతున్నది."

"మరి నెట్టుకు ఏమైంది?"

"అదే తెలుస్తలేదమ్మా. ఒకరోజు వస్తది, ఒకరోజు రాదు. ఇయ్యాల వస్తున్నది." సక్రి పక్క గడి చూపించింది. "అంటే రేపు రాదు."

సౌందర్య కళ్లద్దాలు పెట్టుకుని క్యాలెండర్ మీదికి వంగింది. ఒకటో తారీఖు ఆదివారం టిక్కు. సోమవారం సున్నా. మంగళవారం టిక్కు. బుధవారం సున్నా. గురువారం టిక్కు. శుక్రవారం సున్నా. ఆ తర్వాత శని, ఆది, సోమ, వరుసగా మూడు సున్నాలు. నిన్నటితో అవి అయిపోయాయి. ఇవాళ మంగళవారం, మళ్లీ టిక్కు.

"ఈ మూడు రోజులు వరుసగ ఎందుకు రాలే?"

"ఏమో అమ్మా. అప్పుడు నేను ఇంట్లనే లేను. మా అత్తకు పానం మంచిగ లేదంటే శుక్రవారం పగటి పూట బస్సుకు గంగారం తండాకు పోయిన. నిన్న రాత్రి వచ్చిన. అవి ఉమ పెట్టిన సున్నాలు."

"ఎవరి మీదన్న అనుమానం ఉన్నదా?"

అనుమానమా? సక్రికి లోకమంతా అనుమానమే. మొదట ల్యాప్‌టాప్ మీదే వచ్చింది. భర్త పూల్‌సింగ్ భూపాలపల్లిలో టిప్పర్ నడుపుతాడు. అక్కడ బదిలీ అయిపోతున్న ఒక గుమస్తా దగ్గర కొన్నాడు దాన్ని. పదేళ్ల పాతది. దాన్ని ఏ గాలో పట్టిందేమోనని, ఆ గుమస్తా బతికే ఉన్నాడా, ఏమన్నా అయ్యాడా అని సక్రి భర్తకు రెండుసార్లు ఫోన్ చేసి అడిగింది. బతికే ఉన్నాడని, మొన్ననే పెళ్లిలో కనపడ్డాడని చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు.

తర్వాత కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ గుల్షన్ బేగం మీదికి పోయింది మనసు. నెట్టు డబ్బా ఉన్నది ఆమె ఇంట్లోనే. రెండు ఇళ్లకూ అదే. గుల్షన్ కొడుకు అకీల్‌కు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. వాడికి ఇవన్నీ తెలుసు. మెట్ల మీద నీళ్లు పారాయని పోయిన నెల గుల్షన్‌తో చిన్న మాటపట్టింపు కూడా వచ్చింది. ఇక మూడోవాడు గోపాల్, బావగారి కొడుకు. హాల్ టికెట్ వచ్చిన ఆదివారం నాడే తండా నుంచి వచ్చి, ఆ ల్యాప్‌టాప్ ముందు గంటసేపు కూర్చున్నాడు. తనకూ ఒకటి కావాలన్నాడు. ఆ తెల్లారే మొదటి సున్నా పడింది.

"శుక్రవారం బస్సెక్కే ముందు గుల్షనక్కను వాకిట్ల అందరు వినంగ అననే అన్న," అంది సక్రి నేల చూస్తూ. "డబ్బా మీ ఇంట్ల ఉన్నదని మా పిల్ల బతుకు మీ చేతుల పెట్టుకున్నరా అని. అప్పటి సంది మాట్లాడుతలేదు. వేరే ఇల్లు చూసుకుందామని కూడ అనుకుంటున్న."

సౌందర్య ఆమె చేతిని చూస్తూ ఉంది. ఉంగరపు వేలి కొస ఎర్రగా ఉంది.

"పూజ చేసుకొని వచ్చినట్టున్నవ్."

"రోజు చేస్త అమ్మా. దేవునికి, ఇంట్ల మనకు అన్నం పెట్టేటి అన్నిటికి బొట్టు పెట్టందే నేను చాయ కూడ తాగ."

"మంచిది. పా, మీ ఇల్లు చూద్దాం. వెంకట్రామన్నా, తాళం వెయ్యి."

"బస్సు ఎందుకు రాలేదో తెల్వాల్నంటే బస్సును కాదు, స్టాండుల నిలబడ్డోల్లను అడగాలె. మా మేడం పద్ధతే అది," అన్నాడు వెంకట్రాం సక్రితో మెట్లు దిగుతూ. ఆమెకు అందులో ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. అయినా తలూపింది.

ఇంటి ముందు స్కూటీ ఉంది. దాని లైటు మీద బొట్టు. పైన గదిలో కుట్టుమిషను, దాని తల మీద బొట్టు. ఫ్రిజ్జుకు, మిక్సీకి, గ్యాసు పొయ్యికి కూడా. కిటికీ దగ్గర బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, ఉమ ఏదో చదువుతోంది. తల్లి వెనకాల ఇద్దరు పెద్దవాళ్లను చూసి లేచి నిలబడింది. అమ్మను ఆమె తండా మాటలో 'యాడీ' అనే పిలుస్తుంది.

"యాడీ, డిటెక్టివ్‌ను పట్టుకొచ్చినవా? నేను నవ్వులాటకు అంటున్నవనుకున్న."

"నువ్వు నవ్వు బిడ్డా, నీకేం. నాకు పానం ఆగుతలేదు."

సౌందర్య ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది కానీ దాన్ని ముట్టుకోలేదు. "నాకు కంప్యూటర్ తెల్వదు. ముందే చెప్తున్న. నెట్టు రాని రోజు నీ ఫోన్ల వస్తదా?"

"వస్తది మేడం. ఫోన్‌కు ఒక్కరోజు కూడ పోలే. దీనికే రాదు. నా ఫోన్ నెట్టు దీనికి ఇద్దామన్నా తీసుకోదు. వైరు పెట్టి చూద్దామంటే వైరు పెట్టే చోటు విరిగిపోయి ఉన్నది."

"పొద్దున నువ్వు దీన్ని ఎట్ల చాలు చేస్తవు?"

ఉమ నవ్వింది. "ఇది ముసలిది. పది నిమిషాలు మూలిగి అప్పుడు లేస్తది. అందుకే బటన్ నొక్కి స్నానానికి పోత. నేను వచ్చేసరికి లేచి కూసుంటది. అప్పుడు చూస్త, నెట్టు ఉన్నదా లేదా అని."

"స్నానానికి పోయినప్పుడు తలుపు తీసే ఉంటదా?"

"తీసే ఉంటది. కిందోల్లు కూడ వస్తుంటరు." ఆ మాట అన్నాక ఉమ తల్లి ముఖం చూసి నాలుక కరుచుకుంది.

సక్రి సౌందర్య వైపు చూసింది. చూశారా, తలుపు తీసే ఉంటుంది. ఎవరైనా రావచ్చు.

సౌందర్య బల్ల మీదికి ఇంకాస్త వంగింది. మీటల వరుసకు పైన, కుడివైపు మూలన, దట్టంగా గడ్డకట్టిన కుంకుమ బొట్టు ఉంది. పాత బొట్టు మీద కొత్త బొట్టు పడి పావలా అంత అయ్యింది. దాని అంచు చుట్టూ సన్నగా నీలిరంగు వెలుగు కనిపిస్తోంది. ఆమె దాన్ని చాలాసేపు చూసి, మామూలు గొంతుతో అడిగింది.

"దీనికి కూడ రోజు బొట్టు పెడ్తవా చెల్లె?"

"హాల్ టికెట్ వచ్చిన తెల్లారి నుంచి పెడ్తున్న. అంతకుముందు ఇది ఉమది అనుకున్న. ఇప్పుడు నా బిడ్డ బతుకే దీంట్ల ఉన్నది కదా."

సౌందర్య లేచింది. "వెంకట్రామన్నా, కిందికి పోయి గుల్షన్ బేగం గారిని, అకీల్‌ను పిలువు. గోపాల్ యాడ ఉన్నడు?"

"నిన్న నాతోనే వచ్చిండు, సంచి మోసుకుంట. చాయకు పోయిండు."

"ఆయన్ను కూడ పిలువు. నాకు దొంగ దొరికిండు."

సక్రి గోడకు ఆనుకుని నిలబడింది. దొరికాడంటే సంతోషం రావాలి. కానీ ఆమెకు అంతకంటే భయం వేసింది. గుల్షన్ అయితే? ఎనిమిదేళ్ల నుంచి ఒక కప్పు కిందున్న మనిషి. గోపాల్ అయితే? బావగారి ముఖం ఎట్లా చూడాలి? ఎవరూ కాకపోతే బాగుండును. కానీ ఎవరూ కాకపోతే ఇక మిగిలింది గాలి, ధూళి. దానికి ఏ డిటెక్టివ్ పనిచేస్తాడు?

పది నిమిషాల్లో అందరూ ఆ గదిలోకి వచ్చారు. గుల్షన్ బేగం చున్నీ సర్దుకుని గడప దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మని సక్రికి నోరు రాలేదు. అకీల్ చేతిలో చిన్న స్క్రూడ్రైవర్ ఉంది. గోపాల్ చాయ గ్లాసుతోనే వచ్చాడు.

"నేను డబ్బా బంద్ చేస్తే నా ఫోన్ కూడ బందే అయితది గదా," అంది గుల్షన్ ఎవరినీ చూడకుండా. "రాత్రంతా మా పెద్దోడు దుబాయ్ నుంచి మాట్లాడ్తనే ఉంటడు. నేనెందుకు బంద్ చేస్త?"

"మీరు చెయ్యలేదమ్మా. అది ముందుగాలనే తెలిసింది," అంది సౌందర్య. "డబ్బా బంద్ అయితే ఉమ ఫోన్‌కు కూడ రావద్దు. ఫోన్‌కు ఒక్కరోజు కూడ పోలే. అకీల్, నువ్వు దీన్ని చూసినవా?"

"చూసిన మేడం. మొన్న ఆదివారం ఉమక్క దుకాణానికి తెచ్చింది. మా దుకాణం నెట్టు కూడ పట్టలే. దాంట్ల సాఫ్ట్‌వేర్ అంతా మల్లా ఎక్కించిన. వెనక మూత విప్పి చూసిన, లోపలి ముక్క మంచిగనే ఉన్నది. అదే నాకు సమఝ్ కాలే."

"మీ దుకాణంలో కూడ పట్టలేదంటే, పోయింది ఇంట్ల కాదు, ల్యాప్‌టాప్‌లనే. అన్ని ముట్టుకున్నవా?"

"అన్ని ముట్టుకున్న. ఒక్క బొట్టు జోలికి పోలే."

"ఎందుకు?"

అకీల్ తల్లి వైపు చూశాడు. "వాల్ల దేవునిది గదా మేడం. నేనెట్ల తుడుస్త? అమ్మీ చిన్నప్పటి సంది చెప్పేది, పైనోల్ల పూజ సామాను ముట్టొద్దని."

వెంకట్రాం పెన్ను ఆగిపోయింది. సౌందర్య గోపాల్ వైపు తిరిగింది.

"హాల్ టికెట్ వచ్చిన ఆదివారం నువ్వు దీని ముంగట గంటసేపు కూసున్నవట."

"దరఖాస్తు పెట్టుకున్న మేడం. అటవీశాఖలో ఉద్యోగాలు పడ్డయి," అన్నాడు గోపాల్. "నేను ఏం చెడగొట్టలే. చిన్నమ్మ నన్ను అప్పటి సంది దొంగను చూసినట్టు చూస్తున్నది. నిన్న బస్సుల కూడ సంచి నాకిచ్చి, సంచి మీద చెయ్యి తియ్యలే."

ఉమ నవ్వు ఆపుకోలేకపోయింది. సక్రి చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ఒక్కసారి వచ్చి చెడగొట్టినోడు రోజు విడిచి రోజు మల్లా బాగుచెయ్యడు," అంది సౌందర్య. "ఈ క్యాలెండర్ చూడుండ్రి. రాదు, వస్తది, రాదు, వస్తది. యంత్రం ఇట్ల చెడిపోదు. చెడిపోతే చెడిపోయే ఉంటది. ఇది మనిషి అలవాటు. ఎవరో ఒకరు రోజు పొద్దున ఒకే టైముకు వచ్చి ఒకే పని చేస్తున్నరు. ఒకరోజు ఆ పనితోటి ఆరిపోతది. తెల్లారి అదే పనితోటి వెలుగుతది. పాత బెడ్‌స్విచ్ లెక్క, అదే బటన్, ఒక నొక్కుకు ఆరుడు, ఒక నొక్కుకు వెలుగుడు."

ఆమె వెంట తెచ్చిన క్యాలెండర్‌లో మూడు సున్నాల మీద వేలు పెట్టింది.

"శనివారం, ఆదివారం, సోమవారం. ఈ మూడు రోజులు నెట్టు రాలేదు అని మీరందరు చూసిండ్రు. నేను చూసింది వేరే. ఈ మూడు రోజులు ఏం మారలే. శుక్రవారం ఎట్ల ఆరిపోయిందో అట్లనే ఉన్నది. అంటే ఆ మూడు రోజులు ఆ చెయ్యి ఇంట్ల లేదు. ఇయ్యాల పొద్దున మల్లా వచ్చింది, వెలిగింది."

సక్రి లెక్క కట్టింది. ఆ మూడు రోజులు గుల్షన్ ఇంట్లోనే ఉంది. అకీల్ దుకాణంలోనే ఉన్నాడు. గోపాల్ గంగారంలో ఉన్నాడు, కానీ అంతకుముందు వారమంతా కూడా గంగారంలోనే ఉన్నాడు. మరి శుక్రవారం దాకా ఇక్కడ ఉండి, మూడు రోజులు లేకుండా పోయి, నిన్న రాత్రి వచ్చింది ఎవరు?

ఆమె చూపు తన వేలి మీద పడింది.

"చెల్లె," అంది సౌందర్య మెల్లగా, "కుంకుమ భరిణె తెచ్చుకో. రోజు పొద్దున ఎట్ల పెడ్తవో అట్లనే దానికి బొట్టు పెట్టు. ఉమా, నెట్టు ఇప్పుడు ఉన్నది గదా?"

"ఉన్నది మేడం. వీడియో నడుస్తున్నది."

సక్రి భరిణె తెచ్చింది. ఉంగరపు వేలు కుంకుమలో ముంచి, అలవాటు చొప్పున కళ్లు మూసుకుని, పాత బొట్టు మీదనే వేలు పెట్టి గట్టిగా అదిమింది. బిడ్డ కోసం కదా, ఎప్పుడూ గట్టిగానే అదిమేది.

టిక్ మని చిన్న చప్పుడైంది.

తెర మీద వీడియో ఆగిపోయి, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. బొట్టు అంచు చుట్టూ ఉన్న నీలి వెలుగు నారింజ రంగుకు మారింది.

"అరె," అన్నాడు అకీల్. ఒక్క అడుగు ముందుకు వేసి ఆగి, సక్రి వైపు చూశాడు. "ఆంటీ, తుడుస్తనా?"

సక్రి తలూపింది. అకీల్ జేబులోంచి దస్తీ తీసి, నీళ్లలో తడిపి, పసిపిల్ల ముఖం తుడిచినట్టు ఆ బొట్టు తుడిచాడు. కింద చిన్న బటన్ బయటపడింది. దాని మీద గొడుగులా వంగిన మూడు గీతల గుర్తు ఉంది.

"పాతవాటికి ఇట్ల పైననే వైఫై బటన్ ఉంటుండె," అన్నాడు సిగ్గుపడుతూ. "ఇప్పటివాటికి ఉండదు. నేను ఫోన్లు చూసేటోన్ని. నాకు యాదికి రాలే. దాన్ని ఎట్ల నొక్కితే అట్ల యాది పెట్టుకుంటది మేడం, బంద్ చేసి చాలు చేసినా మారదు." వేలితో నొక్కాడు. నీలి వెలుగు వచ్చింది. వీడియో నడిచింది.

సక్రి నేల మీద కూర్చుండిపోయింది. "నేనా?" అంది. "నా చేతులతో నేనే నా బిడ్డకు..."

"యాడీ, ఊకో," అంటూ ఉమ పక్కన కూర్చుంది.

"నేను నొసలు యాడ ఉన్నదా అని ఎతికిన. స్కూటీకి లైటు ఉన్నది, మిషనుకు తల ఉన్నది. దీనికి ఏమున్నది? ఆ మూలకు చిన్న నీలం దీపం లెక్క కనపడ్డది. దేవుని ముంగట దీపం లెక్క. గదే దీని నొసలు అనుకున్న."

వెంకట్రాం నోటుబుక్కు మూసేశాడు. ఈ ముక్క రాయడానికి అతనికి మనసొప్పలేదు.

"చెయ్యి మంచిదే చెల్లె. చోటు తప్పింది," అంది సౌందర్య. "అంతే. నేను నీ ఒక్కదానికి చెవుల చెప్పి పోవచ్చు. కాని నువ్వు ఈమెను అందరు వినంగ అన్నవ్. అందుకే అందరిని పిలిపించిన."

సక్రి లేచి గడప దగ్గరికి పోయింది. గుల్షన్ ఇంకా అక్కడే, బయటే నిలబడి ఉంది.

"అక్కా," అంది సక్రి. పక్కకు జరిగి దారి ఇచ్చి, "లోపలికి రా," అంది.

"ఎనిమిదేండ్ల సంది నీకు అంతనేనా తెలిసింది నేను?" అంది గుల్షన్. మాట కటువుగానే ఉంది. కానీ చెప్పులు విడిచింది. "నీ బిడ్డ పరీక్షకు నేను దువా చేస్తున్న, నువ్వేమో నన్ను పోలీసోల్ల ముంగట నిలబెడ్తున్నవ్."

"పోలీసులు కాదు అమ్మా, ప్రైవేటు," అన్నాడు వెంకట్రాం.

మర్నాడు పొద్దున ఉమ ల్యాప్‌టాప్ ఆన్ చేసి స్నానానికి పోయింది. సక్రి పూజ ముగించుకుని, భరిణె పట్టుకుని ల్యాప్‌టాప్ ముందు నిలబడింది. నీలి దీపం వెలుగుతోంది. వేలి కొసన కుంకుమ ఉంది. ఇవాళ పెట్టకపోతే కోపం వస్తుందేమో, పెడితే పోతుందేమో. ఎటూ తోచక అక్కడే నిలబడిపోయింది. ఉమ తల తుడుచుకుంటూ వచ్చి, తల్లి చేతిని పట్టుకుని, ఆ వేలిని తన నొసటికి ఆనించుకుంది.

"నాకు పెట్టు యాడీ. రాసేది నేను."

తర్వాత తలుపు మూసుకుంది. తలుపు బయట కూర్చుంటే ఊపిరి శబ్దం కూడా కెమెరాకు వినపడుతుందని భయపడి సక్రి కిందికి దిగింది. గుల్షన్ వాకిట్లో ఇద్దరూ కూర్చున్నారు. ఎదురుగా గోడకు నెట్టు డబ్బా, దాని మీద నాలుగు పచ్చ లైట్లు. గుల్షన్ చేతిలో జపమాల తిరుగుతోంది. సక్రి ఆ లైట్ల మీది నుంచి చూపు తీయలేదు. కరెంటు పోతే? తుఫాను వస్తే? ఆకాశం అద్దంలా ఉంది. అయినా ఒకటికి రెండుసార్లు లేచి చూసి వచ్చింది.

ఒంటిగంట దాటాక మెట్ల మీద చప్పుడైంది. ఉమ వచ్చి వాళ్లిద్దరి మధ్యన కూర్చుంది.

"అయిపోయింది. ఒక్కసారి కూడ పోలే."

సక్రి లేచింది. కొంగు ముడిలోంచి భరిణె తీసి, వేలు ముంచి, గోడకున్న డబ్బా దగ్గరికి పోయింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది.

"గుల్షనక్కా, దీనికి ఏమన్న బటన్లు ఉన్నయా?"

"ఎనక ఒకటి ఉన్నది," అంది గుల్షన్. "ముంగట ఏం లేవు. పెట్టు."